స్కాన్ నార్మల్.. మరి చెవిలో ఆ మాటలెక్కడివి?

క్లుప్తంగా: స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవారికి, బయట ఎవరూ మాట్లాడకపోయినా వినిపించే మాటలు నటన కాదని, ఆ సమయంలో మెదడులో మాట్లాడే భాగాలు, వినే భాగాలు నిజంగానే పనిచేస్తాయని ముప్పై ఏళ్ల పరిశోధన చూపింది. అయితే ఆ పరిశోధనల్లో వాడిన స్కాన్ వేరు, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో డాక్టరు రాసే స్కాన్ వేరు. రెండోదానిలో ఈ జబ్బు కనబడదు. రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని అనుకోవడానికి వీల్లేదు, గాలి సోకిందని తేల్చుకోవడానికి అంతకంటే వీల్లేదు.

రిపోర్టు దగ్గర మొదలయ్యే గందరగోళం

ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాడు తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరో తిడుతున్నారంటూ తలుపులు బిగించుకోవడం మొదలుపెడితే ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలా ఇళ్లు ఒకే దారిన నడుస్తాయి. ముందు గాలి సోకిందంటారు. తాయెత్తు కట్టిస్తారు, విభూతి పెట్టిస్తారు, సోది చెప్పించుకుంటారు. పొలం గట్టు తగాదా ఏదైనా ఉంటే అనుమానం చిల్లంగి (చేతబడి) మీదికి మళ్లుతుంది. కొన్ని నెలలు గడిచి, తిండీ నిద్రా పోయాక, ఎవరో చదువుకున్న బంధువు ‘తలకి స్కాన్ తీయించండి’ అంటాడు. ఇచ్ఛాపురం వైపువారు బరంపురం వెళ్తారు. టెక్కలి, ఆమదాలవలస, చీపురుపల్లి, బొబ్బిలి వైపువారు జిల్లా కేంద్రానికో విశాఖకో వెళ్తారు. వేలు పోసి తీయించిన రిపోర్టు చివర ‘నార్మల్ స్టడీ’ అని ఉంటుంది.

ఆ రెండు మాటలను ఇంట్లో రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. స్కాన్‌లోనే ఏమీ లేదంటే వీడు పని తప్పించుకోవడానికి నటిస్తున్నాడని తండ్రి అంటాడు. డాక్టర్లకి అందలేదంటే ఇది దెయ్యమేనని నాయనమ్మ అంటుంది. అదే ఇంట్లో డిగ్రీ చదివే చెల్లెలి ఫోన్‌లో ‘స్కిజోఫ్రీనియా మెదడు ఇలా ఉంటుంది’ అని ఎరుపు, పసుపు మచ్చలతో వెలిగిపోయే బొమ్మ ఒకటి తిరుగుతూ ఉంటుంది. అక్కడ అంత స్పష్టంగా కనబడేది మనవాడి ఫిల్ములో ఎందుకు లేదు? ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం ఒక్క వాక్యంలో తేలేది కాదు.

ఒకే మిషన్, రెండు ప్రశ్నలు

మామూలు ఎంఆర్‌ఐ మెదడు ఆకారాన్ని చూస్తుంది. గడ్డ ఉందా, రక్తస్రావం జరిగిందా, నాడుల మీద వాపు ఉందా, బద్దెపురుగు తిత్తులు చేరాయా అన్నవి దానికి బాగా తెలుస్తాయి. మానసిక వైద్యుడు స్కాన్ రాసేది కూడా ఎక్కువగా ఇవి లేవని నిర్ధారించుకోవడానికే. కాబట్టి ‘నార్మల్’ అన్న మాటకు అర్థం ‘ఈ జాబితాలోనివి ఏవీ లేవు’ అని. అంతకుమించి ఆ కాగితం ఏమీ చెప్పదు.

పరిశోధకులు వాడే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ అడిగే ప్రశ్న వేరు: ఈ క్షణంలో మెదడులో ఏ భాగం ఎక్కువ పనిచేస్తోంది? పనిచేసే భాగానికి రక్తం ఎక్కువగా వెళ్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికి, లేని రక్తానికి అయస్కాంత గుణంలో చిన్న తేడా ఉంటుంది. ఆ తేడాను స్కానర్‌తో పట్టుకోవచ్చని 1990లో సెయిజి ఒగావా బృందం చూపింది. మనుషుల మీద తొలి ప్రయోగాలు 1992లో వచ్చాయి. సంకేతం చాలా బలహీనమైనది, మామూలుగా ఒకటి రెండు శాతం మార్పు. పైగా మెదడు పని మొదలుపెట్టిన అయిదారు సెకన్లకు గానీ రక్తంలో మార్పు శిఖరానికి చేరదు. అందుకే ఒకే పనిని పదేపదే చేయించి, ఎందరో మనుషుల లెక్కలు కలిపి, సగటు తీసి, ఆ సగటుకు రంగులు వేస్తారు. ఫోన్‌లో తిరిగే బొమ్మ అలాంటి సగటు. అది ఏ ఒక్కరి మెదడూ కాదు.

ఆ రంగుల మీద కొంచెం అనుమానం ఉంచుకోవడం మంచిదే. 2009లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. లెక్కలను సరిగా సవరించకపోతే చచ్చిన చేప మెదడులో కూడా ‘చురుకుదనం’ కనబడింది. దీనికి 2012లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్‌నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించే ప్రయోగమే గానీ, ఆ తర్వాత ఈ రంగంలో లెక్కల క్రమశిక్షణ బాగా పెరిగింది.

ఆకారంలో అసలు తేడాలే లేవా అంటే ఉన్నాయి. 1976లోనే లండన్ దగ్గరి నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టోన్ బృందం సీటీ స్కాన్‌తో, చాలాకాలంగా జబ్బు ఉన్నవారి మెదడులో నీటి గదులు కొంచెం పెద్దవిగా ఉన్నాయని చూసింది. 1990లో బార్టా బృందం ఎడమ కణత లోపలి పైమడత ఎంత చిన్నగా ఉంటే వినికిడి భ్రాంతులు (లేని మాటలు వినబడటం) అంత తీవ్రంగా ఉన్నాయని రాసింది. మాటలను వినడానికి, అర్థం చేసుకోవడానికి తోడ్పడే మడత అది. 2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ కూటమి నాలుగు వేలకు పైగా రోగుల స్కాన్‌లను అయిదు వేలకు పైగా ఆరోగ్యవంతుల స్కాన్‌లతో పోల్చి, రోగుల్లో మెదడు పైపొర సగటున పలచబడి ఉందని తేల్చింది. ఇందులో మందుల పాత్ర కూడా కొంత ఉండవచ్చు. ముఖ్యమైన మాట ‘సగటున’. రెండు ఊళ్ల మనుషుల సగటు ఎత్తులో రెండంగుళాల తేడా ఉందని తెలిసినా, దారిన పోయే ఒకడి ఎత్తు చూసి వాడిది ఏ ఊరో చెప్పలేం. స్కాన్ చూసి ఒక మనిషికి స్కిజోఫ్రీనియా ఉందని చెప్పలేకపోవడానికి కారణం అదే.

మాట వినబడగానే బటన్ నొక్కాలి

భ్రాంతి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చే సమయానికి మనిషి స్కానర్‌లో ఉండాలి. ఈ చిక్కును విడగొట్టడమే పరిశోధకులకు పెద్ద పనైంది.

1993లో లండన్‌లో ఫిలిప్ మెక్‌గైర్ బృందం మెదడులో రక్తప్రసరణను చూపే స్పెక్ట్ అనే పాత పద్ధతిని వాడింది. 12 మంది పురుషులను మాటలు వినిపిస్తున్న రోజుల్లో ఒకసారి, అవి తగ్గాక మరోసారి పరీక్షించింది. మాటలు వినిపిస్తున్నప్పుడు బ్రోకా ప్రాంతంలో రక్తప్రసరణ ఎక్కువగా ఉంది. 1861లో పాల్ బ్రోకా గుర్తించిన ఈ ప్రాంతం నుదుటి వెనక ఎడమవైపు ఉంటుంది. మాటను తయారుచేసే చోటు అది. వింటున్నామని చెప్పేవారి మెదడులో మాట్లాడే భాగం చురుగ్గా ఉండటం అందరినీ ఆశ్చర్యపరిచింది.

1995లో సిల్బర్స్‌వైగ్ బృందం పెట్ స్కాన్‌తో (ఒంట్లోకి స్వల్ప రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే స్కాన్) ఇంకొంచెం దగ్గరికి వెళ్లింది. రోగి గొట్టంలాంటి మిషన్‌లో పడుకుంటాడు. చేతిలో ఒక బటన్. మాట మొదలవగానే నొక్కాలి. అంతే. ఎవరు మాట్లాడారో, ఏమన్నారో చెప్పనక్కర్లేదు, ఎందుకంటే చెప్పడం మొదలుపెడితే అతని సొంత మాటే మెదడులో వెలుగుతుంది. ఆ కొద్దిమంది రోగుల్లో థాలమస్, హిప్పోక్యాంపస్ వంటి లోతట్టు భాగాలు చురుగ్గా కనబడ్డాయి. జ్ఞాపకం, భావోద్వేగం ముడిపడి ఉన్న భాగాలవి.

1999లో జర్మనీలో డియర్క్స్ బృందం ఫంక్షనల్ ఎంఆర్‌ఐతో ముగ్గురు రోగుల్ని చూసింది. బటన్ నొక్కి ఉన్నంతసేపూ హెష్ల్ మడత పనిచేసింది. చెవి నుంచి వచ్చే ధ్వని మెదడు పైపొరలో మొదట చేరే చోటు అది. అంటే బయట ఏ మాటా లేకపోయినా, మాట వచ్చినట్టే మెదడు గుమ్మం తెరుచుకుంది. ‘నిజంగా వినబడుతోంది’ అని రోగి అంటే అది అతని అనుభవం మేరకు నిజమే అనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అరుదు. ముగ్గురే రోగులు కదా అన్న అభ్యంతరమూ సబబే. 2011లో జార్డ్రీ బృందం అప్పటిదాకా వచ్చిన 10 అధ్యయనాలను, 68 మంది రోగుల ఫలితాలను కలిపి చూసినప్పుడు బ్రోకా ప్రాంతం, కణత మడతలు, హిప్పోక్యాంపస్ పరిసరాలు నిలిచాయి. హెష్ల్ మడత మాత్రం అంత గట్టిగా నిలవలేదు. ఎక్కువమందిలో పనిచేస్తున్నది వినికిడి గుమ్మం కంటే దాని పక్కనున్న, మాటను మాటగా గుర్తించే భాగాలే కావచ్చు.

ఈ ప్రయోగాల్లో ఇబ్బందులు కంటికి కనబడుతూనే ఉంటాయి. స్కానర్ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవుల్లో దూది, పైన హెడ్‌ఫోన్స్ పెట్టినా వినికిడి భాగం ఆ మోతతోనే సగం నిండి ఉంటుంది. బటన్ నొక్కడానికి వేలు కదిలితే దానికి సంబంధించిన భాగం వెలుగుతుంది. దాన్ని లెక్కలోంచి తీసేయాలి. మాటలు ఆగకుండా వినిపించేవారు ఈ ప్రయోగానికి పనికిరారు, నెలకోసారి వినిపించేవారూ పనికిరారు. అరగంటలో చాలాసార్లు వచ్చిపోయే మాటలు, అంతసేపు కదలకుండా పడుకునే ఓపిక రెండూ ఉన్నవారే దొరకాలి. అందుకే పాల్గొన్నవారి సంఖ్య చాలా చిన్నది.

మరో రకం ప్రయోగంలో రోగులకు బయటి నుంచి నిజమైన మాటలు వినిపించారు. భ్రాంతులు ఉన్నవారిలో వినికిడి భాగం బయటి మాటకు తక్కువగా స్పందించింది. లోపలి మాట వచ్చినప్పుడు ఎక్కువ, బయటి మాట వచ్చినప్పుడు తక్కువ. రెండూ ఒకే చోటు కోసం పోటీ పడుతున్నాయన్నది దీనికి చెప్పే వివరణ. ఇళ్లలో తరచూ వినిపించే ‘పక్కనే నిలబడి నాలుగుసార్లు పిలిచినా పలకడు’ అన్న ఫిర్యాదు వెనక పొగరు లేకపోవచ్చునని ఈ ఫలితం గుర్తుచేస్తుంది.

తన మాటే పరాయి మాటగా వినబడితే

మాట్లాడే భాగమూ పనిచేస్తోంది, వినే భాగమూ పనిచేస్తోంది. ఈ రెంటినీ కలిపే సిద్ధాంతాల్లో ఎక్కువ బలం ఉన్నది 1978లో ఫైన్‌బర్గ్ మొదలుపెట్టి, తర్వాత క్రిస్ ఫ్రిత్ విస్తరించినది. దాని సారం ఇది. ప్రతి మనిషికీ లోపల మాటలు నడుస్తూనే ఉంటాయి. బజారుకెళ్లేటప్పుడు ‘ఉల్లిపాయలు మర్చిపోకూడదు’ అని లోపల అనుకోవడం మాటే. మాటను తయారుచేసే భాగం ఆ పని చేస్తూనే, వినే భాగానికి ఒక కబురు పంపుతుంది: ఇప్పుడు వచ్చేది మనదే, పట్టించుకోవద్దు. ఆ కబురు అందితే వినే భాగం తగ్గి ఉంటుంది. అందకపోతే, ఆలస్యమైతే, సొంత మాటే పరాయి గొంతుగా వినబడే అవకాశం ఉంది.

దీనికి ఆధారం స్కానర్ కంటే చౌకైన పరికరం నుంచి వచ్చింది. తల మీద తీగలు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే ఈఈజీలో, ధ్వని చెవిన పడ్డ సుమారు 100 మిల్లీసెకన్లకు మెదడులో ఒక తరంగం పుడుతుంది. మనం మాట్లాడుతున్నప్పుడు అది చిన్నదిగా ఉంటుంది. అదే మాటను రికార్డు చేసి వినిపిస్తే పెద్దదవుతుంది. జుడిత్ ఫోర్డ్, డేనియల్ మాథలాన్ బృందం స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఈ తేడా బాగా తగ్గిపోయిందని పదేపదే చూపింది. అంటే సొంత మాటను కూడా మెదడు బయటి మాటలాగే అందుకుంటోంది. రంగుల బొమ్మ లేదు కాబట్టి ఈ ఫలితానికి ప్రచారం తక్కువ. నిజానికి మొత్తం ఈ పరిశోధనలో ఎక్కువ నమ్మదగ్గది ఇదేనని చెప్పవచ్చు, ఎందుకంటే రక్తం అయిదు సెకన్లు ఆలస్యంగా చెప్పేదాన్ని ఇది సెకనులో పదోవంతులో చెబుతుంది.

చక్కిలిగింత ప్రయోగం ఇంకా సరళం. తనను తాను చక్కిలిగింత పెట్టుకుంటే ఎవరికీ నవ్వు రాదు. సొంత చేయి అని మెదడుకు ముందే తెలుసు. 2000లో సారా జేన్ బ్లేక్‌మోర్ బృందం పరీక్షించినప్పుడు, మాటలు వినిపించే రోగులకు సొంత స్పర్శ కూడా పరాయి స్పర్శంత చక్కిలిగింతగానే అనిపించింది. లోపం చెవిదో గొంతుదో కాకుండా ‘ఇది నేను చేసిందే’ అనే గుర్తింపుది కావచ్చునన్న మాటకు ఇది బలం చేకూర్చింది.

ఇంకా పాత ముచ్చట ఒకటుంది. 1949లో లూయిస్ గౌల్డ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక రోగి గొంతు దగ్గర మైక్రోఫోన్ పెట్టి, పెదవి కదిలీ కదలని గుసగుసను పెద్దది చేసి విన్నాడు. ఆమె తనకు వినిపిస్తున్నాయని చెప్పిన మాటలకు, ఆ గుసగుసకు పోలిక కనబడింది. ‘తనలో తాను మాట్లాడుకుంటున్నాడు’ అని ఇంట్లోవాళ్లు చెప్పే లక్షణాన్ని ఈ వెలుగులో చూస్తే, అది ప్రతిసారీ గొంతులకు బదులివ్వడమే కాకపోవచ్చు.

అన్నీ ఈ సిద్ధాంతంతో తేలిపోవు. సొంత మాటే అయితే అది ఆడగొంతులో, ముసలి గొంతులో, పొరుగువాడి గొంతులో ఎందుకు వినబడుతుంది? ఇక్కడ జ్ఞాపకం సంగతి వస్తుంది. 2010లో డచ్ పరిశోధకులు, మాట వినబడబోయే ముందు హిప్పోక్యాంపస్ పక్కనున్న మడత చురుకుదనం తగ్గుతోందని గమనించారు. జ్ఞాపకాల తలుపు గడియ వదులవడం లాంటిదేదో జరిగి, పాత మాటలు జారిపడుతున్నాయేమోనన్నది వారి ఊహ. ఇది ఇంకా ఊహే.

ఎప్పుడూ తిట్లే ఎందుకు

గొంతులు చెప్పేది చాలావరకు పొట్టి మాటలు. ‘చావు’, ‘పనికిమాలినోడివి’, ‘చూడు వాణ్ని’. అవే అవే. 2008లో ఐరిస్ సోమర్ బృందం 24 మంది రోగుల్ని స్కాన్ చేసి, భ్రాంతి సమయంలో ఎక్కువగా పనిచేసేది మెదడు కుడివైపున, బ్రోకా ప్రాంతానికి ఎదురుగా ఉన్న భాగమని చూపింది. అదే మనుషులు కావాలని మాటలు తలచుకున్నప్పుడు ఎడమవైపు పనిచేసింది. పెద్ద వాక్యాలు కట్టడం కుడివైపుకు రాదు. తిట్లు, అలవాటు మాటలు మాత్రం దానికి వస్తాయి. పక్షవాతంతో ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవారు కోపం వస్తే స్పష్టంగా ఒక తిట్టు తిట్టడం చాలా ఇళ్లలో చూసిందే. గొంతుల నోట తిట్లే ఎక్కువగా రావడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఆ తిట్లు ఎవరి గొంతుతో వస్తాయన్నది మాత్రం ఊరిని బట్టి మారుతుంది. 2015లో తాన్యా లూర్మన్ బృందం అమెరికాలోని శాన్ మటేయో, ఘనాలోని అక్రా, మన పొరుగున చెన్నైలలో ఒక్కోచోట 20 మందితో మాట్లాడింది. అమెరికావారికి గొంతులు ఎక్కువగా హింసతో నిండిన, పరాయి దాడిగా తోచాయి. అక్రాలో దేవుడి గొంతు అన్నవారు ఎక్కువ. చెన్నైలో చాలామందికి వినిపించింది బంధువుల గొంతులు: ఇల్లు ఊడ్వు, స్నానం చెయ్యి, అన్నం తిను అని పనులు పురమాయిస్తూ, మధ్యలో తిడుతూ. మెదడులో దారి ఒకటే అయినా ఆ దారిలో నడిచే మనుషులు ఎవరి ఇంటివాళ్లు వారికే. శ్రీకాకుళం పల్లెలో చిల్లంగి పెట్టిందని అనుమానించిన మనిషి గొంతే వినబడిందంటే, ఆ మనిషి నేరం చేసినట్టు రుజువు దొరకలేదు. ఇంట్లో నెలల తరబడి నడిచిన మాట ఏమిటో మాత్రం తెలిసింది. ఈ తేడా తెలియకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. చిల్లంగి నెపంతో మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలు ఉత్తరాంధ్రకు కొత్త కాదు.

మెదడు ముందే అనుకుంటే

గత పదేళ్లలో చర్చ మరోవైపు మళ్లింది. మెదడు వచ్చినదాన్ని వచ్చినట్టు వినదు. రాబోయేది ఊహించి, ఆ ఊహను చెవి నుంచి వచ్చిన సమాచారంతో సరిచూసుకుంటుంది. సిరిమానోత్సవం జనసందోహంలో ఎవరో పేరు పెట్టి పిలిచారని వెనక్కి తిరిగి, ఎవరూ లేరని తెలుసుకోవడం విజయనగరంలో ఎవరికైనా అనుభవమే. ఊహ గెలిచింది, తర్వాత సరిదిద్దుకుంది.

2017లో యేల్ విశ్వవిద్యాలయంలో పవర్స్, మాథిస్, కార్లెట్ దీన్ని ప్రయోగంగా మలిచారు. ఒక గళ్ల బొమ్మను, ఒక చిన్న ధ్వనిని జతగా చాలాసార్లు ఇచ్చి, తర్వాత బొమ్మ చూపి ధ్వని ఆపేశారు. అందరిలోనూ కొంతమేరకు లేని ధ్వని వినబడింది. గొంతులు వినే అలవాటున్నవారికి, జబ్బు ఉన్నా లేకపోయినా, ఎక్కువసార్లు, ఎక్కువ నమ్మకంతో వినబడింది. జబ్బు ఉన్నవారు తమ ఊహను సరిదిద్దుకోవడంలో వెనకబడ్డారు. ఊహ మీద అతినమ్మకానికి, మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనంతో సంబంధం ఉందన్నది ఇప్పుడు నడుస్తున్న వాదన. స్కిజోఫ్రీనియాలో మెదడు లోపలి స్ట్రయేటమ్‌లో డోపమైన్ తయారీ ఎక్కువగా ఉంటుందని పెట్ స్కాన్‌లు చాలాసార్లు చూపాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు అన్నీ డోపమైన్‌ను అడ్డుకునేవే.

ఆ ప్రయోగంలో జబ్బు లేకుండా గొంతులు వినేవారు కూడా ఉన్నారన్నది గమనించాల్సిన సంగతి. గొంతు వినబడటమొక్కటే స్కిజోఫ్రీనియా కాదు. 1971లో వేల్స్‌లో డాక్టర్ రీస్ 293 మంది వితంతువుల్ని, భార్య పోయినవారిని అడిగితే 13 శాతం మంది పోయిన మనిషి గొంతు విన్నామన్నారు. దినాలు కాకముందు గదిలోంచి తాత దగ్గు వినిపించిందని మామ్మ అంటే ఆస్పత్రికి పరుగెత్తనక్కర్లేదు. జాతరలో పూనకం కూడా ఈ లెక్కలోకి రాదు. అది వేళకు వచ్చి, అమ్మవారి ముందు వచ్చి, తర్వాత వదిలిపోతుంది. వారాల తరబడి వదలకుండా, తిండి, నిద్ర, పని చెడగొడుతూ, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారన్న నమ్మకంతో కలిసి వచ్చేదే జబ్బు.

ఈ బొమ్మల వల్ల చికిత్సకు ఒరిగిందేమిటి

నిజం చెప్పాలంటే, ఆశించినంత లేదు. కణత వెనక ఎడమభాగం అతిగా పనిచేస్తోందని తెలిశాక, దాన్ని బయటి నుంచి అయస్కాంత తరంగాలతో నెమ్మదింపజేయవచ్చని రాల్ఫ్ హాఫ్‌మన్ బృందం 2000లో చూపింది. మొదట ఫలితాలు ఊరించాయి. తర్వాతి పెద్ద ప్రయోగాల్లో కొన్నింటిలో నకిలీ చికిత్సకూ దీనికీ తేడా కనబడలేదు. తలకు రెండు పట్టీలు పెట్టి స్వల్ప విద్యుత్ పంపే పద్ధతి మీద ఫ్రాన్స్‌లో 2012లో మంచి ఫలితాలు వచ్చాయి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో కూడా దీని మీద పని జరుగుతోంది. మందులకు తోడుగా కొందరికి ఉపయోగపడుతుందన్నంత వరకే ఇప్పుడు చెప్పగలం. తలకు ‘కరెంటు’ పెడతామంటూ వేలు గుంజేవారి దగ్గర జాగ్రత్త అవసరం.

పాత మందులే ఇప్పటికీ ఆధారం. చాలామందికి వాటితో మాటలు తగ్గుతాయి. కొందరికి పూర్తిగా ఆగిపోతాయి, కొందరికి ‘వినబడుతున్నాయి గానీ పట్టించుకోను’ అనే స్థితి వస్తుంది. రెండు రకాల మందులు సరైన మోతాదులో వాడినా తగ్గని నాలుగోవంతు నుంచి మూడోవంతు మందికి క్లోజపిన్ అనే మందు ఉంది. అది మిగతావాటి కంటే మెరుగని 1988 నుంచీ తెలుసు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. మందస నుంచో సాలూరు నుంచో వచ్చే కూలి కుటుంబానికి ఒక ఎంఆర్‌ఐ ఖర్చు కంటే ఈ వారం వారం ప్రయాణమే పెద్ద టెన్షన్. స్కాన్ కోసం అప్పు చేసి, తర్వాత మందులు మధ్యలో ఆపేసేవారు ఉంటే లోపం కుటుంబానిదొక్కటే అనలేం. దేనికి ఖర్చు పెట్టాలో ముందే విడమరిచి చెప్పే మనిషి వారికి దొరకలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్రమైన మానసిక జబ్బులున్నవారిలో కూడా సుమారు నాలుగింట మూడొంతుల మందికి చికిత్స అందడం లేదు. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు.

స్కాన్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు

కొన్ని సందర్భాల్లో స్కాన్ తప్పనిసరి. మాటలతో పాటు ఫిట్స్ వచ్చినా, జ్వరంతో మొదలైనా, రెండు మూడు రోజుల్లో మనిషి మనిషిలా లేకుండా పోయినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉన్నా, ఒక చేయి కాలు బలహీనపడినా ఆలస్యం చేయకూడదు. చెవిలో మాటల కంటే కంటికి లేనివి కనబడటం ఎక్కువగా ఉన్నా, యాభై దాటాక మొదటిసారి ఇలా మొదలైనా లోపల మరో జబ్బు ఉందేమో చూడాలి. కణత భాగంలో మూర్ఛ, మెదడువాపు, 2007లో గుర్తించిన ఒక రకం రోగనిరోధక మెదడు వ్యాధి ఇవన్నీ స్కిజోఫ్రీనియాలాగే మొదలుకావచ్చు. చివరిదానికి స్కాన్ కూడా నార్మల్‌గా ఉండొచ్చు. వెన్నునీటి పరీక్షతో గానీ తేలదు.

మిగతా సందర్భాల్లో జబ్బును నిర్ధారించేది రోగితో, ఇంట్లోవారితో గంటసేపు మాట్లాడటమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో లక్షణాలు ఏమిటి, కనీసం నెల రోజులుగా ఉన్నాయా అన్నవి ఉన్నాయి. స్కాన్ ప్రస్తావన లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా నిర్ధారణకు జాతీయ, అంతర్జాతీయ ప్రమాణాలనే చూడమంటుంది. శ్రీకాకుళం రిమ్స్‌లోనూ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ ఆ మాట్లాడే పని జరుగుతుంది. ముందు ఫోన్‌లో అడగాలంటే 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య) సర్టిఫికెట్ కోసం స్కాన్ తీయించాలేమోనన్న అనుమానం చాలామందిలో ఉంది. మానసిక జబ్బు వల్ల వచ్చిన వైకల్యాన్ని లెక్కించడానికి వాడే ఐడియాస్ అనే కొలమానంలో చూసేది నాలుగు అంశాలు: సొంత పనులు చేసుకోగలగడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోగలగడం, పని. వాటికి తోడు జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నది కలుపుతారు. మొత్తం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సర్టిఫికెట్‌కు అర్హత. క్యాంపుకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాల్సింది ఎంఆర్‌ఐ ఫిల్ము కంటే ముందు పాత మందుల చీటీలు, రోగితో రోజూ ఉండే మనిషిని.